కొలవని అంకె

“కళ్లజోడు పెట్టుకుని చూడండి అత్తయ్య గారూ. ఇది మా అమ్మ చేత్తో ఎక్కించిన రికార్డు. బీపీ నూట పది, డెబ్భై. పక్కనే ఆకుపచ్చ గుర్తుంది, కనపడుతోందాండి? పై వరసలోనూ అంతే. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ పిల్ల నిక్షేపంగా ఉంది. మీ ఇంటికి వచ్చేకే కదండీ ఇలా అయ్యింది?”

ప్రవీణ్ కుమార్ ట్యాబును అత్తగారి మొహానికి దగ్గరగా పెట్టి మరీ అడుగుతున్నాడు. వసారాలో చాప మీద కూర్చున్న కుమారి దాని వంక చూడలేదు. చూసినా ఆవిడకేం తెలుస్తుంది? ఐ.పోలవరం అవతల ఏటిగట్టు పక్క ఊళ్లో రొయ్యల చెరువుల మీద పని చేసుకునే మనిషి. ఆవిడ చేతిలో ఉన్నది నొక్కుడు బటన్ల ఫోను. ఆవిడకు తెలిసిన ఆకుపచ్చ గుర్తల్లా ఫోనెత్తే బటనే.

“నేను ఫోన్ చేసేనండి బాబూ,” అంది కుమారి. “పిల్ల తలనొప్పన్న గంటలోనే వదిన గారికి చేసేను. ఆ తరవాత మా ఊరి నర్సు పిల్లకి చేసేను. ఇంక నన్నేం చెయ్యమంటారండి?”

“ఎండుచేపల ఇగురు పెట్టకుండా ఉండాల్సింది. కడుపుతో ఉన్న మనిషికి అంత ఉప్పు పెడతారాండి ఎవరైనా?”

“ఒక్క పూటండి. నోటికి బాగోలేదు, కొంచెం పెట్టమ్మా అని అడిగితేనూ.”

“అడిగితే పెట్టెయ్యడమేనా?”

“ప్రవీణూ, గొంతు తగ్గించు. లోపల పిల్ల పడుకుంది,” అన్నారు వరప్రసాదం గారు. ముప్ఫయ్యేళ్లు బళ్లో పిల్లల్ని గదమాయించిన హెడ్మాస్టరు, ఇవాళ సొంత కొడుక్కి చెప్పలేక కుర్చీలో వెనక్కి చేరబడ్డారు.

కుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాన్పు పుట్టింట్లో జరగాలని కూతుర్ని తీసుకెళ్లిన తల్లి, ఒట్టి చేతుల కూతుర్ని వెంటబెట్టుకుని అల్లుడి ఇంటికి రావడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. పసిగుడ్డును సమాధుల దొడ్డిలో పెట్టి వచ్చి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఈ తొమ్మిది రోజులూ ఆవిడ ఈ మాటలు పడుతూనే ఉంది.

వంటింట్లో నాగమణి రాగిజావ కలుపుతోంది. జావ ఎప్పుడో చిక్కబడింది. అయినా గరిటె తిప్పుతూనే ఉంది. ఆపితే వసారాలోకి వెళ్లాలి. వెళ్తే కొడుకు, ‘నువ్వు చెప్పమ్మా’ అంటాడు.

ఎందుకంటే ఆ అంకె అబద్ధం. ఆ సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకరు నాగమణి. రెండోది లోపల గదిలో గోడవైపు తిరిగి పడుకున్న ఆవిడ కోడలు రేచల్.

నాగమణి అల్లాటప్పా మనిషి కాదు. రాజోలు పక్కనున్న ఈ ఊళ్లో ఇరవయ్యారేళ్లుగా ఏఎన్‌ఎమ్. ఊరంతటికీ నర్సమ్మ గారు. ట్యాబులు వచ్చిన కొత్తల్లో తోటివాళ్లంతా బెంబేలెత్తిపోతే, యాభై దాటిన ఈవిడే పట్టుబట్టి నేర్చుకుని, నలుగురికీ నేర్పింది. ఊళ్లో ఫోన్లు లేని ముసలాళ్లు నలభై మంది దాకా ఉంటే, అందరి ఆరోగ్య ఖాతాలూ తన నంబరు మీదే తెరిపించింది. సూర్యకాంతమనే ముసలమ్మ షుగరు మాత్రలకి వెళ్లినప్పుడు వేలిముద్ర పడకపోతే, ఓటీపీ వచ్చి మోగేది నర్సమ్మ గారి ఫోనే. అన్నం తింటూ కూడా ఎడం చేత్తో అంకెలు చదివి చెప్పేది. ఒక్కనాడూ విసుక్కోలేదు.

మరి అలాంటి మనిషి ఏం చేసిందీ అంటే, ఇంట్లో పిల్లే కదా అనుకుంది.

నెలాఖరు రోజు. లిస్టులో గర్భిణులు ఇరవై ఇద్దరు. కాలవలు దాటి, లంకల్లో కొబ్బరి తోటలు తిరిగి, ఇరవయ్యొక్క మందికి బీపీ పట్టీ కట్టి చూసి, లెక్కలు ఎక్కించింది. మిగిలింది ఒకే ఒక్క పేరు, ఎర్రగీతతో. అది తన కోడలి పేరు. గడువు ఇంకో పది నిమిషాలు. నెట్టు చూస్తే నత్తలా ఉంది. మిషను బ్యాగులో ఉంది, బ్యాగు పక్క కుర్చీలో ఉంది. రేచల్ వచ్చి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది కూడా. “ఇంట్లోదానివే కదమ్మా, రేపు తీరిగ్గా చూద్దాంలే,” అంది నాగమణి. ఆ పిల్లకి ఎప్పుడూ వచ్చే అంకెనే వేసేసింది. ఎర్రగీత పోయింది. ఊరు నూటికి నూరు.

ఆ రేపు రానే లేదు. పదిహేను రోజులకి మళ్లీ అదే తంతు. అప్పటికి రేచల్ కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు. తొలి చూలుకి కాళ్లు వాయడం మామూలే అనేసింది అత్తగారు. రెండోసారి రేచల్ చెయ్యి చాపలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. పుట్టింటికి వెళ్లిన ఆరోరోజు పొద్దున్నే కుమారి ఫోన్ చేసి, పిల్లకి తల పగిలిపోతోందంట వదిన గారూ అంటే, నాగమణి చేసిన మొదటి పని ట్యాబు తెరిచి చూడడం. అందులో నూట పది, డెబ్భై ఉంది, ఆకుపచ్చ గుర్తుంది. “బీపీ బాగానే ఉందండి, ఎండకి వచ్చుంటుంది, పారాసెటమాల్ వేసి పడుకోబెట్టండి,” అంది. తను కొలవలేదన్న సంగతి ఆ నిమిషంలో గుర్తే రాలేదు. తను బుర్రలోంచి తీసి వేసిన అంకె తెర మీద కనిపించేసరికి తనే నమ్మింది. ఇంత ఘోరం ఎవరికి చెప్పుకుంటుంది?

మధ్యాహ్నానికి రేచల్‌కి ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రికి చేర్చి, కడుపు కోసి తీసేసరికి ఆడపిల్ల. ఏడవలేదు. రేచల్ మాత్రం దక్కింది.

ఇవాళ పదకొండింటికి విచారణ డాక్టరు గారు వస్తున్నారు. బిడ్డ ఎందుకు పోయిందో తేల్చి, తప్పెవరిదో ఎక్కించి వెళ్లడానికి.

గేటు చప్పుడైంది. కుమారి కాదు, ప్రవీణ్ కాదు, వంటింటి కిటికీలోంచి ముందుగా నాగమణే గుర్తుపట్టింది. గేటు దగ్గర నిలబడింది జాస్మిన్. కుమారి వాళ్ల ఊరి నర్సు పిల్ల. పాతికేళ్లు ఉండవు. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు.

“ఎందుకొచ్చేవు?” అన్నాడు ప్రవీణ్. గారూ లేదు, అండీ లేదు.

“డాక్టరు గారు ఇక్కడికే రమ్మన్నారండి. కొంచెం ముందొచ్చేను. మేడమ్ గారితో ఒక్కమాట మాట్లాడదామని.”

“ఆ రోజు రావాల్సింది ముందుగా.”

ఆ పిల్ల తల వంచుకుంది. నాగమణి బయటికి వచ్చి, “నువ్వుండరా,” అని, జాస్మిన్‌ని పెరటివైపు తీసుకెళ్లింది. నూతి దగ్గర అరటిచెట్ల పక్కన ఇద్దరూ నిలబడ్డారు. జాస్మిన్ బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని నోటీసు.

“నేను పంటు మీద ఏరు దాటి అవతల క్యాంపులో ఉన్నానండి ఆ పొద్దున్న,” అంది జాస్మిన్. “కుమారి గారు ఫోన్ చెయ్యగానే రికార్డు తెరిచి చూసేను. పోయినవారమే నార్మల్. సరే, క్యాంపు అయ్యేక సాయంత్రం వస్తానండి అన్నాను. మేడమ్, ఇంకెవరైనా రాసుంటే నేను అలా అనేదాన్ని కాదేమో. కింద మీ పేరుంది. ట్రైనింగులో మాకు నేర్పింది మీరే. అంకె వెయ్యడానికి ముందు పట్టీ కట్టండి, కట్టడానికి ముందు మనిషి మొహం చూడండి అని చెప్పింది మీరే. మీరు రాసేరంటే ఇంక అందులో అనుమానం ఏముంటుందండి?”

నాగమణి నోటీసు మళ్లీ మడతపెట్టింది.

“నా తప్పు లేదని నేననట్లేదండి. వెళ్లాల్సింది. తలనొప్పి అన్నప్పుడు వెళ్లాల్సింది. రోజూ పడుకునే ముందు అదే అనుకుంటున్నాను.” ఆ పిల్ల ఏడుపు ఆపుకోవడానికి అరటాకు అంచు పట్టుకుని చీలుస్తోంది. “మా నాన్న వలకెళ్లడం మానేసేరండి, చూపు తగ్గి. తమ్ముడు ఇంకా చదువుతున్నాడు. మీరు ఒక్కమాట చెప్పండి డాక్టరు గారికి. రికార్డు అంత బాగుంటే నేనైనా సాయంత్రమే వెళ్లేదాన్నేమో అని. మీ మాటైతే వింటారండి.”

తన తప్పంతా ఒప్పేసుకుని ఒక్కమాట అడిగింది పిల్ల. అది కూడా సగం మాటే. మిగతా సగం నాగమణి నోట్లోనే ఉంది.

“చెబుతాను,” అంది నాగమణి.

ఏం చెబుతుందో ఆవిడకే తెలియదు. ఆ మాటకే జాస్మిన్ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నాగమణి చేతులు లాక్కుంది. అంత గబుక్కున లాక్కుందేమిటా అని ఆ పిల్ల బిత్తరపోయి చూసింది.

జావ గ్లాసు పట్టుకుని నాగమణి కోడలి గదిలోకి వెళ్లింది. గదంతా మల్లెపూల వాసన. పండగ వాసన కాదది. పాలు గడ్డకట్టి సలపకుండా ఉంటుందని, పొద్దున్నే కుమారి మల్లెపూలు గుండెల మీద వేసి గుడ్డతో బిగించి కట్టింది. తాగే నోరు లేకపోయినా పాలు వస్తూనే ఉన్నాయి. ఒంటికి ఎవరు చెబుతారు, బిడ్డ లేదని?

“రెండు గుక్కలు తాగమ్మా.”

“అక్కడ పెట్టండత్తయ్యా.” రేచల్ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. “జాస్మిన్ గారేనా వచ్చింది?”

“ఊఁ.”

“తీసేస్తారంట కదండీ.”

నాగమణి మంచం అంచున కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. వసారాలో ప్రవీణ్ ఫోన్లో ఎవరితోనో మళ్లీ ఎండుచేపల సంగతే చెబుతున్నాడు.

“డాక్టరు గారు నన్ను కూడా అడుగుతారా అత్తయ్యా?”

“అడగొచ్చు.”

“అడిగితే, పట్టీ కట్టి చూసేరనే చెబుతాను.”

నాగమణి తలెత్తలేకపోయింది. తొమ్మిది రోజులుగా ఈ మాట వాళ్లిద్దరి మధ్యా పీనుగులా పడి ఉంది. ఇప్పుడు ఆ పిల్లే గుడ్డ కప్పుతానంటోంది.

“ఎందుకమ్మా నీకా పాపం?”

“మీ గురించి మాట్లాడేటప్పుడు ఆయన ఎలా ఉంటారో మీకు తెలీదు. మా పెళ్లయిన కొత్తలో రోజుకో కథ చెప్పేవారు. వరదలప్పుడు మీరు నాటు పడవలో వెళ్లి లంకలో పురుడు పోసొచ్చేరని. మా అమ్మ చెయ్యి పడితే బిడ్డ దక్కాల్సిందే అనేవారు.” “ఆయనకి ఇప్పటికే ఒకటి పోయిందండి. రెండోది నేనెందుకు తీసెయ్యాలి?”

“మరి మీ అమ్మని అంటున్నాడు కదమ్మా.”

“అమ్మ పడుతుందండి. అమ్మకి అలవాటే.” ఆ మాట అని తనే కళ్లు మూసుకుంది. కాసేపటికి చాలా నెమ్మదిగా అడిగింది. “నాకు ఒక్కటి చెప్పండి చాలు. ఆ రోజు కట్టి చూసినా ఇలాగే అయ్యేది కదండీ?”

ఇరవయ్యారేళ్ల నర్సమ్మకి దానికి జవాబు తెలియదా? తెలుసు. బీపీ అప్పుడే పెరగడం మొదలైంది, ఆ కాళ్ల వాపే చెప్పింది. చూసి ఉంటే యాప్ ఎర్ర గుర్తు చూపించేది. మాత్రలు పడేవి. పుట్టింటికి బదులు ఆసుపత్రికి వెళ్లేది. ఊళ్లో అలా దక్కిన పిల్లలు ఇవాళ బడికి పోతున్నారు. కానీ ఎదురుగా ఉన్న మొహం ఆ జవాబు అడగడం లేదు.

“ఇలాగే అయ్యేదమ్మా,” అంది నాగమణి. “మన చేతుల్లో ఏముంది?”

“ఆయ్. నేనూ అదే అనుకుంటున్నానండి. ఆ మాట పట్టుకునే ఉన్నాను ఇన్నాళ్లూ.”

రేచల్ లేచి కూర్చుని, చెయ్యి చాపి గ్లాసు అందుకుని, జావ మొత్తం తాగింది. తొమ్మిది రోజుల్లో ఒక గ్లాసు పూర్తిగా తాగడం అదే మొదలు.

పదకొండు దాటాక డాక్టరు హరినాథ్ గారు వచ్చారు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. నాగమణిని పదిహేనేళ్లుగా ఎరుగుదురు. కుర్చీలో కూర్చోగానే చేతులు జోడించి, “ఇలాంటి పని మీద మీ ఇంటికి రావాల్సొస్తుందని అనుకోలేదండి నాగమణి గారూ,” అన్నారు. నిజంగానే బాధపడ్డారు.

ఆయన ట్యాబులోనూ ప్రశ్నలే. ఒక్కో ప్రశ్న కింద అవునని ఒక గడి, కాదని ఒక గడి. వసారాలో అందరూ చుట్టూ కూర్చున్నారు. కుమారి చాప మీద, వరప్రసాదం గారు కుర్చీలో, జాస్మిన్ మెట్టు మీద. ప్రవీణ్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నాగమణి రేచల్ గది గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంది. గుమ్మానికి కర్టెన్ వేసి ఉంది.

“గర్భిణికి ఆఖరి నెలలో తీసిన రెండు బీపీ కొలతలూ సంబంధిత ఏఎన్‌ఎమ్ స్వయంగా తీసిందా,” అని చదివారు హరినాథ్ గారు. నాగమణి నోరు తెరిచేలోపే చిన్నగా చెయ్యి ఊపారు. “ఇది మిమ్మల్ని అడగడం ఏమిటండీ. ఫారం కాబట్టి చదివేను.”

అవునన్న గడి మీద ఆయనే నొక్కేశారు.

అంతే. అయిపోయింది. నాగమణి అబద్ధం కూడా ఆడక్కర్లేకపోయింది. ఊరికే కూర్చుంటే చాలు. ఆవిడ కూర్చుంది. నాలుగు ప్రశ్నలు అలాగే గడిచిపోయాయి.

“సమాచారం అందిన వెంటనే స్థానిక ఏఎన్‌ఎమ్ ఇంటికి వెళ్లిందా?”

“లేదండి,” అంది జాస్మిన్. “రికార్డు నార్మల్‌గా ఉంటేనూ...”

“రికార్డు నార్మల్ ఉన్నా, నెలలు నిండుతున్న మనిషి తలనొప్పంటే వెళ్లాలి కదమ్మా. ఎవరు రాసిన రికార్డైనా సరే.”

“ఆయ్. వెళ్లాలండి.”

జాస్మిన్ నాగమణి వంక చూసింది. చెబుతానన్నారు కదా మేడమ్ అన్నట్టు చూసింది. నాగమణి చూపు తిప్పుకుంది.

“గర్భిణి ఆహారం విషయంలో కుటుంబం జాగ్రత్త తీసుకుందా?”

“లేదు సార్,” అన్నాడు ప్రవీణ్. “ఎండుచేపలు పెట్టేరు.”

ఇన్నాళ్లూ ఒక్క పూటేనండీ అని చెప్పుకునే కుమారి, ఇప్పుడు అది కూడా అనలేదు. తలూపింది. అవును, నేనే చంపుకున్నాను నా మనవరాల్ని అని ఒప్పేసుకున్నట్టు తలూపింది. నాగమణి అది చూసింది. జాస్మిన్ చూపునైనా తప్పించుకోగలిగింది గానీ, ఆ తల ఊపడాన్ని తప్పించుకోలేకపోయింది.

“అయితే ముఖ్య కారణం దగ్గర స్థానిక సిబ్బంది నిర్లక్ష్యం అని పెడుతున్నానండి,” అన్నారు హరినాథ్ గారు. “రెండో కారణం కుటుంబం...”

“ఆగండి డాక్టరు గారూ,” అంది నాగమణి. “వెనక్కి తిప్పండి.”

“ఏమండీ?”

“మొదటి ప్రశ్న దగ్గరికి తిప్పండి. మీరు అవునని నొక్కేరు. కాదండి. నేను కొలవలేదు.”

హరినాథ్ గారికి అర్థం కాలేదు. “మిషను పనిచెయ్యలేదా?”

“మిషను బాగానే ఉందండి. నేనే కట్టలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ నూట పది, డెబ్భై నా బుర్రలోంచి వచ్చిందండి. గడువు అయిపోతోందని వేసేసేను. వదిన గారు ఫోన్ చేసినప్పుడు మళ్లీ దాన్నే చూసి, పర్లేదు పడుకోబెట్టమన్నాను. ఈ పిల్ల కూడా దాన్ని చూసే ఆగిపోయింది.”

“నాగా,” అన్నారు వరప్రసాదం గారు. ఆయన కుర్చీలోంచి లేచారు. “మనసు బాగోక ఏదేదో అంటున్నావు. డాక్టరు గారూ, ఇది రాయకండి. తొమ్మిది రోజుల్నించీ నిద్ర లేదండి దీనికి.”

“మనసు బాగానే ఉందండి. రాయండి డాక్టరు గారూ.”

“రాస్తే ఏమవుతుందో తెలుసు కదండీ,” అన్నారు హరినాథ్ గారు, గొంతు బాగా తగ్గించి.

“తెలుసండి.”

జాస్మిన్ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తోంది. ఉద్యోగం నిలబడుతుందన్న సంతోషానికి మాత్రం కాదు.

ప్రవీణ్ స్తంభం దగ్గర్నుంచి కదల్లేదు. పొద్దున్నుంచీ చంకలో పెట్టుకు తిరిగిన తల్లి ట్యాబు ఇంకా అతని చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఇటూ అటూ చూసి, చివరికి కిటికీలో పెట్టాడు. అరుస్తాడనుకుంది నాగమణి. అరిచినా బాగుండేది. చిన్నప్పుడు జ్వరమొస్తే మంచం మీంచి అడిగేవాడే, అమ్మా తగ్గిపోతుందా అని, అదే గొంతుతో అడిగాడు.

“కట్టి చూసుంటే బతికేదా అమ్మా?”

“అది ఎవరమూ చెప్పలేం బాబూ,” అన్నారు హరినాథ్ గారు గబగబా. “చాలా కారణాలుంటాయి.”

ఆయన అందించింది మంచి ఆసరాయే. పట్టుకుంటే సరిపోయేది. కర్టెన్ అవతల మంచం కిర్రుమంది. అక్కడ ఒక పిల్ల ఇందాక తాగిన గ్లాసుడు జావ, ఇలాగే అయ్యేదన్న మాట మీదే తాగింది. ఆ సంగతి నాగమణికి తెలుసు. కానీ కొడుకు మొహంలోకి చూస్తూ ఇంకో అంకె వెయ్యడం ఇక ఆవిడ వల్ల కాలేదు.

“బతికేదిరా,” అంది.

హరినాథ్ గారు ట్యాబు ఒళ్లో పెట్టేసుకున్నారు.

“అప్పటికే బీపీ ఉండుంటుంది. కాళ్లు వాచేయి, నేను చూసేను. కట్టుంటే తెలిసేది. మాత్రలు వేసేవాళ్లం. పుట్టింటికి పంపేదాన్నే కాదు, ఆసుపత్రిలో పెట్టించేదాన్ని. బతికేదిరా నీ కూతురు.”

ప్రవీణ్ నెమ్మదిగా వచ్చి చాప మీద కుమారి ఎదురుగా కూర్చున్నాడు. “అత్తయ్య గారూ,” అన్నాడు. కుమారి అతని భుజం మీద చెయ్యి వేసింది. తొమ్మిది రోజులు మాటలు పడ్డ మనిషి, ఓదార్చాల్సింది కూడా ఆవిడే అయింది.

అప్పుడు గదిలోంచి వినిపించింది. “అమ్మా.”

నాగమణి చటుక్కున లేచి కర్టెన్ పక్కకి తీసింది. రేచల్ మంచం దిగి నిలబడి ఉంది. కళ్లలో నీళ్లు లేవు.

“మీరు కాదత్తయ్యా. మా అమ్మని పంపండి.”

“రేచల్, ఇందాక నేను...”

“మా అమ్మని పంపండి.”

కుమారి అల్లుడి భుజం మీంచి చెయ్యి తీసి, మోకాళ్లు పట్టుకుని లేచింది. వియ్యపురాలి పక్కనుంచే గదిలోకి వెళ్లింది. వెళ్తూ ఆవిడ కోపంగా చూసినా నాగమణికి కొంచెం ఊపిరి ఆడేది. అసలు చూడనే లేదు. వెనకాలే తలుపు పడింది.

హరినాథ్ గారు చాలాసేపు ట్యాబు వంకే చూస్తూ కూర్చున్నారు. తరవాత ఏదో మార్చి, ఏదో రాసి, పక్కనున్న చిన్న వేలిముద్ర మిషను నాగమణి ముందు పెట్టారు. ఆయన మొహం ఎత్తలేదు.

“చెప్పింది మీరేనని ఇక్కడ వేలు పెట్టాలండి.”

నాగమణి బొటనవేలు పెట్టింది. లోపల బీరువా తెరిచిన చప్పుడైంది. బట్టలు తీసి మంచం మీద పడేస్తున్న చప్పుడు, ఆ తరవాత సూట్‌కేసు జిప్పు లాగుతున్న చప్పుడు. ప్రవీణ్ కూడా విన్నాడు. చాప మీంచి లేచి తలుపు దాకా వెళ్లి, దాని మీద చెయ్యి వేసి, కొట్టకుండా అలాగే నిలబడిపోయాడు.

“పడలేదండి,” అన్నారు హరినాథ్ గారు. “ఇంకోసారి పెట్టండమ్మా.”